మాండలికమైతే మాత్రం బడిలో చోటుండదా?

ఉగాండా తూర్పు సరిహద్దున, కెన్యాకు వెళ్లే లారీలు బారులు తీరే మలాబాకు కాస్త ఇవతల టొరోరో పట్టణం ఉంది. ఊరిని ఆనుకుని నిటారుగా లేచిన అగ్నిపర్వతపు రాతిగుట్ట దాని గుర్తు. అక్కడి నుంచి పడమటగా పరుచుకున్న పల్లెసీమ పేరు పధోలా. అక్కడి జనం జొపధోలాలు, వాళ్ల నుడి ధోపధోలా. బయటివాళ్లు క్లుప్తంగా అధోలా అంటారు. 2002 జనగణన నాటికే దాన్ని మాట్లాడేవాళ్లు 3 లక్షల 60 వేల దాకా ఉన్నారు. చాలా గ్రంథాలు దాన్ని లువో భాషలో ఒక మాండలికమని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాయి. వర్గీకరణగా ఆ మాటలో పెద్ద తప్పు లేదు. ఆ మాట విశ్వవిద్యాలయం గడప దాటి విద్యాశాఖ కార్యాలయంలో అడుగుపెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది. మాండలికమే కదా, దీనికి వేరే వాచకమెందుకు, వేరే శిక్షణెందుకు, పెద్ద భాషలో ఉన్నవి వాడుకుంటే సరిపోదా అన్న వాదన అక్కడ చాలా తేలిగ్గా చెల్లిపోతుంది. ఈ వాదన నిలవదని నా అభిప్రాయం. ఒక నుడి భాషా, మాండలికమా అన్నది పండితులు తేల్చుకోవచ్చు. దానికి బడిలో చోటివ్వాలా వద్దా అన్నది మాత్రం, ఆ నుడి తప్ప మరొకటి తెలియకుండా ఆరేళ్లకు బడిలో చేరే పిల్లను చూసి తేల్చాలి. అధోలా చరిత్ర, దాని వర్తమానం ఇందుకు గట్టి సాక్ష్యమిస్తాయి.

లువోల పుట్టిల్లు నేటి దక్షిణ సూడాన్‌లోని నైలు మైదానాలని చరిత్రకారులు చెబుతారు. దాదాపు 15వ శతాబ్దం నుంచి వాళ్లు పశువులను తోలుకుంటూ గుంపులు గుంపులుగా దక్షిణానికి కదిలారు. షిల్లుకులు, అన్వాకులు ఉత్తరానే ఉండిపోయారు. అచోలీలు, అలూర్లు ఉత్తర ఉగాండాలో కుదురుకున్నారు. ఇంకా ముందుకు సాగినవాళ్లు విక్టోరియా సరస్సు తీరం చేరి కెన్యా లువోలయ్యారు. 2019 కెన్యా జనగణనలో వాళ్లు 50 లక్షల పైచిలుకు. అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా తండ్రి ఆ జనంలో పుట్టినవాడే. జొపధోలాలు ఈ దారి మధ్యలో ఆగినవాళ్లు. అధోలా, ఓవిన్యి అన్నదమ్ములని, కాలికి గాయమై అధోలా ఆగిపోతే ఓవిన్యి తనవాళ్లతో కెన్యా వైపు వెళ్లిపోయాడని వాళ్ల పెద్దలు చెప్పుకునే కథ. కథ ఎలా ఉన్నా, 16, 17 శతాబ్దాల ప్రాంతంలో వాళ్లు ఇక్కడి అడవుల్లో స్థిరపడ్డారనీ, క్రమంగా అడవి నరికి సేద్యానికి దిగారనీ చరిత్రకారులు అంచనా కట్టారు. వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లెవరూ లువోలు కారు. ఇటెసోల భాష కూడా లువోలాగే నైలోటిక్ కుటుంబంలోదే అయినా వేరే శాఖకు చెందింది. బన్యోలే, బగ్వేరే, సమియా జనాల భాషలు బంటూ కుటుంబానివి. అటు ఉత్తరాది అచోలి, లాంగోలకూ ఇటు కెన్యా లువోలకూ దూరమై, నలువైపులా వేరే కుదుళ్ల భాషలున్న చోట ఈ నుడి మూడు నాలుగు శతాబ్దాలు తన కాళ్ల మీద తాను నిలిచింది.

అన్నేళ్ల ఇరుగుపొరుగు దాని మీద ముద్ర వేయకుండా పోలేదు. జొపధోలా వంశాలన్నీ లువో రక్తమే కావు. బంటూ మూలాల నుంచి, ఇటెసోల నుంచి వచ్చి కలిసిపోయిన వంశాలు చాలా ఉన్నాయి. వాళ్లంతా అధోలా నేర్చుకుని జొపధోలాలయ్యారు. అంటే ఇక్కడ జాతిని కూడగట్టింది పుట్టుక ఒక్కటే కాదు, నుడి కూడా. పరమాత్మను వాళ్లు ‘వేరే’ అనే పేరుతో పిలుస్తారు. ఆ పేరు బంటూ పొరుగువారితో పంచుకున్నది. ఈ ‘వేరే’కు రెండు రూపాలు: వాకిట్లో ఉండి ఇంటిని కాచేది ఒకటి, అడవిలో, ప్రయాణంలో, యుద్ధంలో తోడుండేది మరొకటి. అచోలీల నమ్మకాల్లో కేంద్రస్థానం జోక్ అనే శక్తులది, కెన్యా లువోలు కొలిచేది న్యసయేను. దగ్గరి చుట్టాలైన మూడు జనాలు దైవాన్ని మూడు తీరుల్లో ఊహించుకున్నాయంటే, వాళ్ల నుడులు వేర్వేరు బతుకుల్లోంచి పెరిగాయనే అర్థం. ఆ బతుకు పంటలోనూ కనిపిస్తుంది. పధోలా ప్రధాన పంటల్లో రాగి ఒకటి. మనం రాగులనీ, చోళ్లనీ, తైదలనీ పిలుచుకునే ఆ పంటకు పుట్టిల్లు ఈ తూర్పు ఆఫ్రికా మెట్టభూములే. వేల ఏళ్ల కిందట అది అక్కడి నుంచే మన నేలకు చేరింది. అక్కడ రాగులు పులియబెట్టి కొంగో అనే పానీయం చేస్తారు. పెద్ద కుండ నడుమ పెట్టి, వేడినీళ్లు పోసుకుంటూ, చుట్టూ కూర్చున్న పెద్దలు పొడవాటి గొట్టాలతో దాన్ని పీలుస్తారు. పెళ్లి మాటలు, పొలం గట్ల తగాదాలు, వంశాల వరసలు ఆ కుండ చుట్టూనే నడుస్తాయి. ఒక నుడికి నిండుతనం రావడానికి కావలసిన బతుకంతా అధోలాకు ఉంది.

ఇప్పుడు మాండలికం అన్న మాటనే కాస్త నిలదీద్దాం. మాండలికమే అనుకుందాం, ఏ లువోకు మాండలికం? ఉగాండా ప్రభుత్వ వ్యవహారంలో లువో అంటే ఉత్తరాన అచోలి, లాంగో ప్రాంతాల్లో వాడే భాష. అధోలా దానికి చుట్టమే కానీ, అంతకంటే దగ్గరి చుట్టరికం సరిహద్దుకు అవతలి కెన్యా లువోతో ఉంది. ఒక చిన్న గుర్తు చూడండి. మనకు ద, డ వేరు వేరు ధ్వనులైనట్టే, కెన్యా లువోలోనూ అధోలాలోనూ నాలుకను పళ్లకు ఆనించి పలికే ధ్వనులు వేరు, చిగుళ్ల దగ్గర పలికేవి వేరు. రాతలోనూ వాటిని విడివిడిగా చూపుతారు. లాంగోలో ఈ తేడా చెరిగిపోయింది. జర్మన్ భాషావేత్త గెరాల్డ్ హోయిజింగ్ 2004లో దక్షిణ లువో నుడులను పక్కపక్కన పెట్టి, వర్ణించి, పోల్చి ఒక పెద్ద గ్రంథమే వెలువరించారు. అలాంటి పని చూస్తే ఈ నుడులు ఒకే చెట్టు కొమ్మలని తెలుస్తుంది, ఏ కొమ్మా మరో కొమ్మకు నకలు కాదనీ తెలుస్తుంది. అధోలాకు ఉగాండాలో తగిలించిన ముద్ర ఉత్తరాది వైపు చూపిస్తుంది, అసలు దగ్గరితనం మరో దేశం వైపు చూపిస్తుంది. ఆ రెంటిలో ఏ ఒక్కటీ టొరోరో పల్లె పిల్ల నోట్లో ఉన్న నుడి కాదు.

ఈ నుడి విలువ ఏమిటో చెప్పడానికి బెత్‌వెల్ ఓగోట్ చేసిన పనిని మించిన సాక్ష్యం లేదు. కెన్యా లువోల్లో పుట్టి, 2025 జనవరిలో కన్నుమూసిన ఈ చరిత్రకారుడు, వలసపాలనకు ముందటి లువోల చరిత్ర రాస్తానని లండన్ విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు, రాతే లేని జనానికి చరిత్ర ఎలా రాస్తారన్న సందేహాలే ఎదురయ్యాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. పధోలా పల్లెల్లో, కెన్యా లువో సీమలో వంశవంశానికీ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల నోటి మాటలను సేకరించారు. ఎవరు ఎటు నుంచి వచ్చారు, ఏ వంశం ఎక్కడ దిగింది, ఎవరితో పోరాడింది, ఎవరికి పిల్లనిచ్చింది అన్న వివరాలను ఒకదానితో ఒకటి సరిచూసి, తరాల లెక్కతో కాలం కట్టి, 1967లో దక్షిణ లువోల చరిత్ర మొదటి సంపుటం ప్రచురించారు. ఆఫ్రికా చరిత్ర రచనలో మౌఖిక సంప్రదాయానికి గౌరవం తెచ్చిన పుస్తకాల్లో అదొకటి. అందులో పధోలాకు పెద్ద చోటుంది. రాజు లేడు, ఆస్థానం లేదు, శాసనం లేదు. ఉన్నదల్లా నోటి మాట. ఆ మాట అధోలాలో ఉంది. దాన్ని ఎవరూ అందుకోకపోయి ఉంటే ఆ జనం గతం మొత్తం ఆ పెద్దలతోనే పోయేది.

ఓగోట్ 1972లో పధోలా మత చరిత్ర మీద రాసిన మరో వ్యాసం ఇంకో కోణం చూపింది. తేవో అనే చోట బూరా అనే ఆరాధన వెలసింది. విడివిడిగా ఉన్న వంశాలను అది ఒక గుడి నీడకు చేర్చింది. 19వ శతాబ్దం చివర మజంగా అనే నాయకుడు ఆ ఆరాధన అండతో పధోలాను ఒక్కతాటి మీదకు తేబోయాడు. సరిగ్గా అప్పుడే బ్రిటిష్ వాళ్ల తరఫున తూర్పు ఉగాండాను లొంగదీస్తూ బుగాండా రాజ్యపు సేనాని సెమై కాకుంగులు వచ్చాడు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. ఆ తర్వాత పాలన గాండా ఉద్యోగుల చేతుల్లో నడిచింది. కచేరీలో లుగాండా, చర్చిలో లుగాండా, బడిలో లుగాండా. జొపధోలాలను బడామా అని, సీమను బుడామా అని పిలవడమూ బంటూ వాడుకే. ఆ పేర్లు కాగితాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అధోలా చిన్న నుడి కాబట్టి బడికి పనికిరాదన్న అభిప్రాయం ఎక్కడ పుట్టిందో వెతికితే ఈ కాలానికే చేరతాం. దాన్ని పక్కన పెట్టింది భాషాశాస్త్రం కాదు, పాలనా సౌలభ్యం. పాలనకు అనువుగా ఎవరో గీసిన గీతను సహజమైన హద్దుగా భావించడం చరిత్ర తెలిసినవాళ్లు చేయవలసిన పని కాదు.

స్వాతంత్ర్యం తర్వాతా ఆ గీత పూర్తిగా చెరగలేదు. ఉగాండా విద్యావిధానం చాలాకాలం ఆరు ప్రాంతీయ భాషల చుట్టూ తిరిగింది: లుగాండా, లువో, లుగ్బారా, అటెసో-కారమోజోంగ్, రున్యన్కోరే-రుకీగా, రున్యోరో-రుటూరో. ఆ లువో అచోలి, లాంగోలదే. 1992 విద్యా శ్వేతపత్రం పల్లె బడుల తొలి తరగతుల్లో స్థానిక భాషలోనే చెప్పాలంది. 2007లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక మొదటి మూడు తరగతులకు స్థానిక భాషను మాధ్యమం చేసి, నాలుగో తరగతిని ఇంగ్లీషుకు మారే మెట్టుగా పెట్టింది. 1995 రాజ్యాంగం ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూనే, మిగతా భాషలు బోధనకూ పాలనకూ వాడుకోవడానికి తలుపు తెరిచే ఉంచింది. దేశంలోని ఆదిమ జనసముదాయాల జాబితాలో జొపధోలాల పేరు రాజ్యాంగమే రాసుకుంది. మాట వరకు ఇది చాలా మంచి చట్టం. కానీ తొలి తరగతుల పఠనానికి విదేశీ సాయంతో నడిచిన అతి పెద్ద కార్యక్రమం 2012 తర్వాత 12 భాషల్లో వాచకాలు, ఉపాధ్యాయ శిక్షణ రూపొందించినప్పుడు ఆ పన్నెండింటిలో ధోపధోలా లేదు. పక్కనే ఉన్న లుగ్వేరేకు చోటు దక్కింది, లుసోగాకు దక్కింది, లుమసాబాకు దక్కింది. అవి దక్కించుకోవడం న్యాయమే. అదే న్యాయం టొరోరో పల్లెలకూ అందాలి. హక్కును రాజ్యాంగంలో రాసి, వాచకం మాత్రం అచ్చు వేయకపోతే ఆ హక్కు పిల్ల చేతికి చేరదు.

ఇంటి నుడిలో చదువు మొదలుపెడితే నిజంగా ఫలితముంటుందా అన్నది అడగవలసిన ప్రశ్నే. నైజీరియాలోని ఇఫేలో 1970లో మొదలైన ప్రయోగంలో, విద్యావేత్త బాబ్స్ ఫఫున్వా బృందం ఆరేళ్ల ప్రాథమిక విద్య మొత్తం యోరుబాలో నడిపింది. ఆ పిల్లలు ఇంగ్లీషుతో సహా ఏ సబ్జెక్టులోనూ వెనకబడలేదు, చాలా వాటిలో ముందున్నారు. అధోలాకు ఇంకా దగ్గరి సాక్ష్యం ఉత్తర ఉగాండాలోని లాంగో సీమలో దొరుకుతుంది. అక్కడ మ్యాంగో ట్రీ అనే సంస్థ లాంగోలో చదవడం, రాయడం నేర్పే కార్యక్రమం రూపొందించింది. జేసన్ కెర్విన్, రెబెక్కా థార్న్‌టన్ అనే ఆర్థికవేత్తలు 2013లో 38 బడుల్లో దాన్ని పరీక్షించారు. మంచి వాచకాలు, పలకలు, పద్ధతైన శిక్షణ, తరచూ వచ్చి చూసే మార్గదర్శకులు అన్నీ ఉన్న చోట ఒకటో తరగతి పిల్లలు చదవడంలోనూ రాయడంలోనూ బాగా ముందుకెళ్లారు. అదే కార్యక్రమాన్ని ఖర్చు తగ్గించి నడిపిన చోట చదువులో లాభం బాగా తగ్గింది. రాతలోనైతే మామూలు బడుల పిల్లల కంటే కూడా వెనకబడ్డారు. ఈ పరీక్ష భాష ఒక్కదాని ఫలితాన్ని విడదీసి చూపదు, అది ఒప్పుకోవాలి. కానీ మన చర్చకు కావలసిన సంగతి చాలా సూటిగా చెబుతుంది: ఇంటి నుడిలో బోధించాలని ఉత్తర్వు ఇచ్చి ఊరుకుంటే చాలదు, ఆ నుడిలో పుస్తకమూ, ఆ నుడిలో నేర్పడం తెలిసిన టీచరూ ఉండాలి. ఉగాండాలో మూడో తరగతి పిల్లల్లో అధికులు రెండో తరగతి పాఠం కూడా చదవలేకపోతున్నారని ఉవేజో సంస్థ సర్వేలు పదే పదే తేల్చాయి. కాబట్టి ఇది భాషాభిమానుల ముచ్చట అని తీసిపారేయడానికి లేదు.

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తోచేదే. కెన్యా లువో అంత దగ్గరైతే అక్కడి పుస్తకాలు తెప్పించుకోవచ్చు కదా? ఆ భాషకు బైబిలు ఉంది, నిఘంటువులున్నాయి, గ్రేస్ ఓగోట్ 1983లో రాసిన మియాహా లాంటి సాహిత్యం ఉంది. పెద్ద పిల్లలకు, పెద్దవాళ్లకు అవి తప్పకుండా ఉపయోగపడతాయి, తెప్పించుకోవాలి కూడా. మొదటి వాచకానికి మాత్రం ఇది కుదరదు. కారణం ఆ నుడుల రాతలోనే ఉంది. లువో నుడుల్లో అచ్చులు రెండు జట్లు: నాలుక మొదలును ముందుకు జరిపి పలికేవి కొన్ని, జరపకుండా పలికేవి కొన్ని. కెన్యా లువోలో అచ్చులు తొమ్మిది, వాటిని రాయడానికి వాడే అక్షరాలు ఐదే. గొంతు ఎత్తి పలికామా, దించి పలికామా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది, మామూలు రాతలో ఆ తేడా కనిపించదు. హ్రస్వదీర్ఘాల గుర్తులు తీసేసి తెలుగు రాశామనుకోండి: మరి, మారి, మరీ మూడూ ఒకేలా కనిపిస్తాయి. తెలుగు చెవి ఉన్నవాడు సందర్భం చూసి పోల్చుకుంటాడు, లేనివాడు తడబడతాడు. రాత చూపని దాన్ని పూరించేది చెవిలో ఉన్న నుడి. అధోలా చెవితో కెన్యా లువో వాచకం చదివే ఆరేళ్ల పిల్ల అక్షరం నేర్చుకోవడంతో పాటు పొరుగు నుడి తేడాలను కూడా మోయాలి. పైగా కెన్యా వాచకంలో పాఠ్యప్రణాళిక కెన్యాది, ఊళ్లు కెన్యావి. ఎప్పుడో లుగాండా విషయంలో జరిగినట్టే, దగ్గర్లో ఉన్న పెద్ద భాషతో సర్దుకోమని చెప్పడమే మళ్లీ జరుగుతుంది.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది, అన్నిటికంటే బరువైనది. ఏడో తరగతి చివర రాసే ప్రాథమిక పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది. ఉద్యోగం ఇంగ్లీషులో ఉంటుంది. మార్కెట్లో, సరిహద్దు వ్యాపారంలో స్వాహిలీ కావాలి. దాన్ని బడుల్లో తప్పనిసరి చేయడానికి 2022లో మంత్రివర్గమూ ఆమోదం తెలిపింది. పట్నంలోని ప్రైవేటు బడి మొదటి రోజు నుంచే ఇంగ్లీషు చెబుతుంటే మా పిల్లలకే అధోలా ఎందుకని అడిగే తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమె భయం అజ్ఞానం వల్ల పుట్టింది కాదు, పరీక్ష పెట్టిన తీరు వల్ల పుట్టింది. కానీ ఆమె కోరుకునేది పిల్లకు ఇంగ్లీషు రావాలని. చదవడమే రాని పిల్లకు ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తే ఆ కోరిక తీరదు. అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకె ఒక్కసారే నేర్చుకుంటాం. తెలిసిన మాటల మీద నేర్చుకుంటే అర్థం వెంటనే తడుతుంది, చదివానన్న ధైర్యం వస్తుంది. అధోలా రాసేది ఇంగ్లీషు రాసే లిపిలోనే కనుక ఆ నేర్పు నేరుగా ఇంగ్లీషుకు బదిలీ అవుతుంది. మొదటి తరగతి నుంచే ఇంగ్లీషును మాటగా, ఆటపాటగా వినిపిస్తూ, నాలుగో తరగతిలో మారే మెట్టును ఒక్క ఏడాదిలో తొక్కించకుండా మరో ఒకటి రెండేళ్లు పొడిగిస్తే తల్లి భయానికి అది నిజాయితీ గల జవాబు. ఆ జవాబు ఇవ్వకుండా సంస్కృతి పేరు చెప్పి ఆమెను ఒప్పించబోవడం న్యాయం కాదు.

మూడోది రాజకీయ అభ్యంతరం. టొరోరో జిల్లాను విడగొట్టాలని ఇటెసోలు, పట్టణం తమదేనని జొపధోలాలు దశాబ్దాలుగా వాదులాడుకుంటున్న చోట భాషను బడిలో పెడితే చీలికలు ముదరవా అంటారు. ఈ ఆందోళనను తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పిల్లకు ఇంటి నుడిలో అక్షరం నేర్పడం నేల మీద హక్కు ప్రకటన కాదు. ఇటెసో పల్లెలో అటెసో, జొపధోలా పల్లెలో అధోలా, అన్ని జాతులూ కలిసి చదివే పట్టణపు బడిలో ఉమ్మడి భాష అన్నది శ్వేతపత్రం ఒప్పుకున్న ఏర్పాటే. ఒకరికి ఉండి మరొకరికి లేనప్పుడే భాష కొట్లాటకు కారణమవుతుంది, ఇద్దరికీ సమానంగా ఉన్నప్పుడు కాదు. అసలు వేరే వంశాలను కలుపుకుని పెరిగిన నుడి అధోలా. ఆ చరిత్రను అదే నుడిలో చదువుకున్న పిల్లలు, పొరుగువాడి రక్తం తమలోనూ ఉందని తెలుసుకుంటారు. జొపధోలాల సాంస్కృతిక సంస్థ టియెంగ్ అధోలా, దాని పెద్ద క్వార్ అధోలా ఈ పనిని రాజకీయానికి దూరంగా ఉంచితే జనం నమ్మకం ఇంకా పెరుగుతుంది.

చివరి అభ్యంతరం డబ్బుది. ప్రతి మాండలికానికీ వాచకాలంటే ఎక్కడ ఆగుతాం? లెక్క వేస్తే ఇది కనిపించినంత పెద్ద భారం కాదు. అధోలాకు కొత్త లిపి అక్కర్లేదు, కొత్త అచ్చు యంత్రం అక్కర్లేదు. లాంగోలో ఇప్పటికే పరీక్షకు నిలిచిన బోధనా పద్ధతి, పాఠాల వరస, బొమ్మలు ఉన్నాయి. చుట్టపు నుడి కనుక వాటిని అధోలాకు తగినట్టు మలచుకోవడం బంటూ భాష నుంచి మలచడం కంటే సులువు. ఇంతకాలం అధోలాను తోసిపుచ్చడానికి సాకుగా వాడిన దగ్గరితనమే ఇక్కడ ఖర్చు తగ్గించే వనరు అవుతుంది. ఇక ఎక్కడ ఆగాలన్నదానికి ఒక ప్రమాణం పెట్టుకోవచ్చు: ఒక తరగతి గదిలో పిల్లల్లో ఎక్కువమంది ఇంటి నుడి ఏదైతే ఆ నుడి, అలాంటి గదులు ఒక సీమ నిండా ఉంటే ఆ నుడికి వాచకం. పధోలా ఈ ప్రమాణానికి ఎప్పుడో సరితూగింది. 2002లో అధోలా మాట్లాడినవాళ్ల సంఖ్య అప్పటి ఐస్‌లాండ్ దేశ జనాభా కంటే ఎక్కువ. ఐస్‌లాండిక్‌లో విశ్వవిద్యాలయాలే నడుస్తున్నాయి.

ఎక్కడో టొరోరోలోని పిల్లల సంగతి తెలుగువాళ్లకెందుకు అనిపించవచ్చు. కానీ ఈ వాదన మనకు కొత్తది కాదు. గిడుగు రామమూర్తి జనం మాట్లాడే తెలుగుకు బడిలో చోటు కావాలని పోరాడారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంతకుముందే ఆయన పర్లాకిమిడి కొండల్లోని సవరల భాషను కష్టపడి నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు తయారుచేసి, బడులు నడిపించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవర తెలుగుకు మాండలికం కాదు, వేరే కుటుంబపు భాష. కానీ ఆయన రెండు చోట్లా అడిగింది ఒకే ప్రశ్న: పిల్లవాడి నోట్లో ఏముంది? తెలుగు మాండలికాలకూ, సవరకూ వర్తించిన ఆ ప్రశ్న అధోలాకూ అంతే వర్తిస్తుంది. గిడుగును గౌరవించేవాళ్లకు ఈ విషయంలో పక్షం ఎంచుకోవడం కష్టం కాకూడదు.

కాబట్టి ఉగాండా విద్యాశాఖ చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. తొలి మూడు తరగతులకు అధోలా వాచకాలు, ఉపాధ్యాయుల కరదీపికలు జాతీయ పాఠ్యప్రణాళిక కేంద్రమే తయారుచేయించాలి, దాతలు జాబితాలో చేర్చేదాకా ఆగకూడదు. పధోలా నడిబొడ్డున నగోంగెరాలో బుసిటెమా విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఉంది. విద్యాబోధన శాఖ ఉన్న ఆ చోటే అధోలాలో బోధించడం నేర్పే కోర్సు పెట్టడానికి తగిన చోటు. ఓగోట్ సేకరించినట్టే ఇప్పటి పెద్దల మాటలను రికార్డు చేసి, అందులోంచి పిల్లలు చదివే కథలు, చరిత్ర పాఠాలు తయారుచేయాలి. ఎఫ్ఎం రేడియోల్లో రోజూ వినిపిస్తున్న నుడికి ఇది అందనంత ఎత్తు కాదు. ఇంత చేశాక కూడా పండితులు అధోలాను మాండలికమనే పిలవనివ్వండి, నష్టం లేదు. భాష హోదా దొరికితేనే బడి అనే షరతు మాత్రం ఎత్తివేయాలి. ఎందుకంటే హోదా అన్నది రాజకీయం, జనసంఖ్య, చరిత్ర కలిసి ఇచ్చేది, ఆరేళ్ల పిల్ల దాన్ని సంపాదించలేదు. చదువు మాత్రం ఆమెకు ఇప్పుడే, ఆమెకు తెలిసిన మాటల్లో అందాలి. అది ఆమె హక్కు, దాన్ని అందించడం ప్రభుత్వం బాధ్యత.